గాలి కొట్టే చెయ్యి

మా ఆయన సూరిబాబు గారు గొప్ప హార్మనీ వాయిద్యగాడండి. ఈ మాట నేను అంటున్నది కాదు, ఆయనే అంటారు. అడిగినవాళ్ళకీ చెప్తారు, అడగనివాళ్ళకీ చెప్తారు. ఇక్కడ కువైట్లో, ముబారక్ అల్ కబీర్‌లో ఆయన డ్రైవరుగా ఉన్న ఇంటి మామాకి, అదే యజమానురాలికి, తెలుగు ఒక్క ముక్క రాదు. నాటకాన్ని అరబ్బీలో ఏవంటారో ఈయనకి తెలీదు. అయినా సరే, ఆవిడకీ చెప్పారు. ఆవిడ అంతా ఓపిగ్గా విని, ఖలాస్, ఇంక బండిలో పెట్రోలు కొట్టించుకు రమ్మందిట.

నేను సత్యశ్రీనండి. సాల్మియాలో ఆడవాళ్ళ బట్టలు కుట్టే కొట్టులో మిషను తొక్కుతాను. రిగ్గైలో ఇంకో ముగ్గురు ఆడవాళ్ళతో కలిసి ఒక గదిలో ఉంటాను. ఆయనేమో కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, ఇంటి వెనకాల డ్రైవరు గదిలో ఉంటారు. మొగుడూ పెళ్ళాం ఒకే దేశంలో ఉన్నారు, ఎంత అదృష్టమో అని మా ఊళ్ళో అందరూ కుళ్ళుకుంటారు. మేం కలుసుకునేది శుక్రవారం శుక్రవారం. ఆ ఒక్క పూటలోనే వారానికి సరిపడా దెబ్బలాడుకోవాలి, వారానికి సరిపడా వండుకు తినాలి, ఆయన గొప్పలన్నీ మళ్ళీ మొదట్నుంచీ వినాలి. ఇంక అదృష్టం అనుభవించడానికి తీరికేదండీ?

ఈయన పుట్టింది కోనసీమలో, అంబాజీపేట దగ్గర. మా మావయ్యగారిది కొబ్బరికాయల దింపు పని. కొడుక్కీ అదే నేర్పుదామని చెట్టెక్కించారట. సగం చెట్టు ఎక్కి, కిందకి చూసి, కాండాన్ని కరుచుకుని ఒకటే ఏడుపట. అటుగా పోతున్న నాటకాల మేష్టారు ఆగి, ‘వీడెవడో శృతిలో ఏడుస్తున్నాడే’ అని దింపించి తనతో తీసుకుపోయారని ఈయన చెప్పే కథ. నేనైతే నమ్మనండి. ఇన్నేళ్ళ కాపరంలో ఈయన ఏడవడం నేను చూడలేదు గానీ, గురక మాత్రం ఏ శృతికీ అందదు.

సరే, ఆ మేష్టారు దగ్గర పెట్టె మోస్తూ మోస్తూ వాయించడం నేర్చుకున్నారు. మీరు హార్మనీ పెట్టె చూసే ఉంటారు. వెనకాల తిత్తి ఉంటుంది, ముందు మెట్లుంటాయి. ఎడం చెయ్యి తిత్తి కొడుతూ ఉంటే కుడి చెయ్యి మెట్ల మీద రాగం తీస్తుంది. అంటే పనంతా ఎడమదీ, పేరంతా కుడిదీ. ఆడవాళ్ళం కదా, ఈ సంగతి మాకు వేరే చెప్పక్కర్లేదు.

మా వైపు పద్యనాటకాల్లో ఒక ఆచారం ఉందండి. పద్యం బాగా పాడితే జనం లేచి ‘వన్స్ మోర్’ అని కేకలేస్తారు. అప్పుడింక కథ ఎక్కడున్నా ఆగాల్సిందే. యుద్ధంలో చచ్చి పడున్న రాజు లేచి, బట్టలు దులుపుకుని, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చావాలి. ఒకే రాజు మూడుసార్లు చచ్చిన నాటకం నేను చిన్నప్పుడు చూశాను. ఆ వన్స్ మోర్లన్నీ పాడినవాడికే. పక్కన కూర్చుని పాడేవాడి గొంతు జారకుండా తెల్లవార్లూ మోసిన హార్మనీ మనిషికి ఒక్కటీ రాదు. మా పెళ్ళిలో పందిరి కూలిపోతే పడీ పడీ నవ్విన మనిషి, ఈ మాటెత్తితే మాత్రం మొహం మాడ్చుకుంటారు. ‘పాతికేళ్ళు వాయించానే, నాకోసం ఒక్కడు, ఒక్కంటే ఒక్కడు అరవలేదు’ అంటారు. ఆ ఒక్కటీ మాత్రం గొప్ప కాదండి, నిజం.

ఊళ్ళల్లో నాటకాలు పోయి రికార్డింగు డాన్సులు వచ్చాయి. పెట్టె అటకెక్కింది, ఈయన విమానం ఎక్కారు. డ్రైవింగు ఎక్కడ నేర్చుకున్నారు అంటే, నాటకం వ్యాను నడిపేవారు లెండి. ఆ వ్యాన్లో రాజులూ రాణులూ అరుచుకుంటూ ఉండేవారు గనక, ఇక్కడ మామా వెనక సీట్లో కూర్చుని ఎంత అరిచినా ఈయనకి పట్టదు. కఫీల్ మంచాడే, ఇఖామా, అదే ఇక్కడ ఉండనిచ్చే పర్మిటు, టైముకి కట్టేస్తాడు. నేను వెనకాల వచ్చాను. అలా గడిచిపోతోంది.

మూడేళ్ళ కిందట ఈయన కారు డోరు పట్టుకుని మామా తల్లిగారిని దింపుతూ ఉంటే, లోపల్నుంచి ఎవరో చూసుకోకుండా డోరు లాగేశారు. కుడిచెయ్యి అందులో పడింది. నాకు ఫోన్లో ‘చిన్న దెబ్బేనే, పసుపు రాస్తే పోతుంది’ అన్నారు. శుక్రవారం వచ్చినప్పుడు చూస్తే మోచేతి దాకా కట్టు. అంత పసుపు కువైట్లో ఎక్కడ దొరికిందండీ అన్నాను.

కట్టయితే విప్పారు. ఆ తర్వాత అన్నం చెంచాతో తినడం మొదలెట్టారు. ముద్దపప్పూ ఆవకాయా చెంచాతో తినే కోనసీమ మనిషిని ఎక్కడన్నా చూశారా మీరు? అదేంటండీ అంటే ‘నలుగురిలో తిరిగే మనిషిని, కొంచెం నాగరికం ఉండాలి’ అన్నారు. నేను చూడనట్టే చూశాను. ఉంగరం వేలూ చిటికెన వేలూ వంగట్లేదు. నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

సాల్మియాలో రాజగోపాల్ గారని పెద్ద ఇంజినీరున్నారు, విజయవాడ వాళ్ళు. వాళ్ళావిడ రాజ్యశ్రీ గారు నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటారు. వాళ్ళింట్లో శుక్రవారం భజన. ఊర్నుంచి తెప్పించిన మంచి హార్మనీ ఉంది, వాయించేవాడు లేడు. ఈయన గొప్పలు ఆవిడ చెవిన కూడా పడ్డాయి కదా, పిలిచారు. మొదటిసారి వెళ్ళి, రీడ్లు తుప్పుపట్టాయి అన్నారు. రెండోసారి, ఏసీ గాలికి పెట్టె గొంతు పట్టేస్తుంది అన్నారు. మూడోసారి, శనివారం నేను హార్మనీ ముట్టుకోను అన్నారు. అది శుక్రవారమండి బాబూ! అయినా రాజ్యశ్రీ గారు దణ్ణం పెట్టి, భజన తాళాలు చేతికిచ్చి కూర్చోబెట్టారు.

ఇలా నడుస్తుండగా జనవరిలో ఫోనొచ్చింది. సత్యప్రసాద్ అని, మా ఊరి కుర్రాడే, ఇప్పుడు నాటకాల కాంట్రాక్టరు. మార్చిలో అమ్మవారి తీర్థం. మేమిద్దరం ఫిబ్రవరి ఆఖర్న సెలవు మీద ఊరెళ్తున్నామని వాడికి తెలిసింది. ‘తీర్థానికి నాటకం పెడుతున్నాం బాబాయ్, స్టేజీ మీద మీరు ఉండి తీరాలి. కరపత్రంలో మీ పేరెయ్యాలి. వచ్చే శుక్రవారం సాయంత్రం మళ్ళీ ఫోను చేస్తాను, ఖాయం చెప్పండి, ప్రెస్సుకి ఇచ్చేస్తాను’ అన్నాడు. ఈయన ‘ఆయ్, దానికేం భాగ్యం’ అనేశారు. ఫోను పెట్టేసి గోడకేసి చూస్తూ ఉండిపోయారు.

నా గుండెల్లో రాయి పడిందండి. ఊరంతటి ముందూ, మైకులో పేరు చదివించుకుని, పెట్టె ముందు కూర్చున్నాక వేళ్ళు పలక్కపోతే? చెంచాలూ శనివారాలూ అక్కడ చెల్లవు. ఈ మనిషికి ఉన్న ఆస్తి ఆ గొప్పలొక్కటే. అదీ పోతే ఇంక నాకు మిగిలేది ఉత్త డ్రైవరు. వాయించగలరో లేదో ముందు ఇక్కడే తేల్చుకోమని ఎలా చెప్పాలి? చెప్తే, ‘నన్నే పరీక్ష పెడతావా’ అని వారం మాట్లాడరు. మాకున్నదే వారానికో రోజు.

అప్పుడు కనబడ్డాయండి ఆ పియానోలు. కొట్టు మూసి బస్సుకోసం సముద్రం ఒడ్డమ్మట నడుస్తున్నాను. చలికాలం కదా, ఇక్కడ జనానికి ఈ రెండు నెలలే బయట మొహం పెట్టే కాలం. నడిచే దారి పక్కన రేకు పందిరేసి, కింద ఒక పియానో పెట్టారు. సినిమాల్లో హీరోయిన్ పెళ్ళి ఇంకొకడితో కుదిరితే హీరో పార్టీలో వాయిస్తాడే, అదే. కానీ దీన్ని ఎవరో స్కూలు పిల్లల చేతికిచ్చి, మీ ఇష్టమమ్మా అన్నట్టున్నారు. అడుగునుంచి పైదాకా రంగులే. ఒక పక్క ఒంటె, ఒంటె నెత్తిన డేగ, డేగ పైన నెలవంక. పడవ ఒకటి ఎడారిలోకి పోతోంది. ఖాళీ ఉన్నచోటల్లా ఖర్జూరప్పళ్ళు. ఎవరైనా వచ్చి వాయించుకోవచ్చని పక్కన బోర్డు. ఇంకాస్త ముందుకెళ్తే ఇంకోటి, దాని నిండా టీ గ్లాసులూ కెటిళ్ళూ. మా గదిలో మంచినీళ్ళ బిందె పెట్టడానికి చోటు లేదు, వీళ్ళు పియానోలు రోడ్డు మీద పెట్టుకున్నారు అనుకున్నాను. అంతలోనే నాకు బుర్రలో లైటు వెలిగింది. ఇక్కడ మనల్నెవరూ ఎరగరు. పెట్టె కూడా బొమ్మల పెట్టే. దీని ముందు పరువేంటి, పోవడమేంటి?

శుక్రవారం ఈయన రాగానే పులిహోర కట్టుకుని, యల్లా, పదండి అంటూ సాల్మియా బస్సెక్కించాను. ఎక్కడికే అంటే, సముద్రం గాలికి అన్నాను. నిజం సగం చెప్పాలండి మగాళ్ళకి, మొత్తం చెప్తే అరగదు.

ఒంటె పియానో చూడగానే ఆగారు. చుట్టూ ఒకసారి తిరిగారు. వెనకాల వంగి చూశారు. ‘తిత్తేదే?’ అన్నారు.

‘నన్నడుగుతారేంటండీ, మహా విద్వాంసులు మీరు కదా.’

‘పియానో అంటే హార్మనీకి పెద్దమ్మేనే. మన పెట్టె చేత్తో కొడతాం, ఇది కాలితో కొట్టేదయ్యుంటుంది. మా మేష్టారు దగ్గర కాలి హార్మనీ ఉండేది’ అని, కింద ఇత్తడి పెడళ్ళు చూపించి, చూశావా అన్నట్టు కళ్ళెగరేశారు. కూర్చోలేదు మాత్రం. ‘సముద్రం చెమ్మకి పాడైపోయుంటుంది. రంగులేస్తే నాదం చచ్చిపోతుంది. పైగా డేగ బొమ్మ మన జాతకానికి...’

అదిగో, మొదలైంది అనుకుంటుండగా వెనకనుంచి ‘అరె, సూరిబాబు గారూ!’ అని వినబడింది. ఎవరూ ఎరగరు అనుకున్న చోట ఎవరుంటారండీ, మన తెలుగువాళ్ళే ఉంటారు. రాజ్యశ్రీ గారు! నేను కుట్టిన జాకెట్టే వేసుకున్నారు, చేతిలో ఫోను. ‘పియానో దగ్గర మన హార్మోనిస్టు! ఇవాళ మాత్రం వదలను. వాయించండి, వీడియో తీసి మన గ్రూపులో పెడతాను. శనివారం కాదు కదా ఇవాళ?’ అన్నారు నవ్వుతూ. ఆవిడ మనసులో ఏమీ లేదండి, మంచావిడే. మంచాళ్ళతోనే మనకొచ్చే చిక్కంతా.

ఇంక తప్పలేదు. కూర్చున్నారు. రెండు కాళ్ళూ పెడళ్ళ మీద పెట్టి, నేను మిషను తొక్కినట్టు తొక్కడం మొదలెట్టారు. లోపల ధబధబమని చెక్క చప్పుడు. అది చాలదని ఎడంచెయ్యి తనంతట తానే లేచి, పియానో పక్కన లేని తిత్తిని కొడుతూ ఒంటె మొహం మీద టపటపమని వాయిస్తోంది. పిల్లల్ని తోపుడు బండిలో తోసుకుపోతున్న వాళ్ళు ఆగారు. అప్పుడు కుడిచెయ్యి మెట్టు నొక్కింది. టంగుమంది. ఈయన వేలు తియ్యలేదు, నాదం సాగుతుందని చూస్తున్నారు. ఎంత తొక్కినా, ఎంత కొట్టినా, అది సన్నబడి సన్నబడి పోయింది.

‘ఊపిరి లేదు దీనికి’ అన్నారు మా ఆయన, పాపం నిజంగానే కంగారుపడి.

రాజ్యశ్రీ గారు నవ్వాపుకుంటూ, ‘దీనికి గాలి అక్కర్లేదండీ, నొక్కితే చాలు’ అన్నారు.

అప్పుడింక తొక్కడం మానేసి కుడిచెయ్యి పూర్తిగా పెట్టారు. నాటకం మొదట్లో ప్రార్థన ఉంటుంది కదా, అది ఎత్తుకున్నారు. మూడు మెట్లు పలికాయి. తర్వాత రెండు పలకలేదు. మళ్ళీ ఎత్తుకున్నారు. మూడు పలికాయి, రెండు పలకలేదు. నడిచే మనిషికి దారిలో గొయ్యి పడ్డట్టు, అక్కడికొచ్చేసరికి పాట కూలబడిపోతోంది. ‘ఈ మెట్లు పనిచెయ్యట్లేదండీ, పిల్లలు పాడుచేసుంటారు’ అన్నారు. ఆవిడ వంగి, ఆ రెండు మెట్లే తన వేలితో నొక్కారు. టింగు, టింగు. శుభ్రంగా పలికాయి.

రాజ్యశ్రీ గారు ఫోను కిందకి దింపేశారు. ‘చాలా బాగుంది సూరిబాబు గారూ’ అన్నారు. ఆ గొంతులో ఉన్న జాలి వింటే నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ మీద కాదు, ఎవరి మీదో తెలీదు. బ్యాగు సర్దుకుని, జాకెట్టు చేతులు కొంచెం బిగువయ్యాయని నాతో ఓ మాట అనేసి వెళ్ళిపోయారు.

సముద్రానికెదురుగా బల్ల మీద కూర్చుని పులిహోర తీశాను. ఈయన జేబులోంచి చెంచా తీశారు. జేబులో చెంచా పెట్టుకు తిరుగుతున్నారండీ మా నాగరికులు! లాగి ఇసకలోకి విసిరేశాను.

‘చెయ్యి చూపించండి.’

‘ఏముందే చూడ్డానికి.’

‘చూపించమన్నానా!’

చూపించారు. ఆ రెండు వేళ్ళూ కర్రపుల్లల్లా ఉన్నాయి. వంచబోతే నొప్పికి పళ్ళు బిగించారు. మూడేళ్ళండీ! మూడేళ్ళుగా శుక్రవారం శుక్రవారం పక్కన కూర్చుని, ఈ చెయ్యి నానుంచే దాచుకున్న మనిషి. నాకు ఏడుపూ తిట్లూ కలిసి వచ్చాయి. ‘నాకెందుకు చెప్పలేదండీ, నేనేమన్నా కరపత్రం అచ్చేయిస్తానా?’ అని అరిచాను.

‘చెప్తే నిజమైపోతుంది కదే’ అన్నారు.

పులిహోర ముద్దలు చేసి నోట్లో పెట్టాను. తిన్నారు. మిరపకాయ కొరికి నీళ్ళడిగారు. అప్పుడన్నారు, ‘ప్రసాదు ఫోను చేస్తాడు. రానని చెప్పేస్తాను. సెలవు దొరకలేదంటాను. ఈసారి ఊరు నువ్వొక్కదానివే వెళ్ళు.’

ఊరే మానేస్తారట! నాకు కోపం నషాళానికి అంటింది. తిట్టబోయి చూస్తే ఆయన ఎడంచెయ్యి కనబడింది. బల్ల అంచు మీద ఆడుతోంది. ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.

‘అదేం చేస్తోందండీ?’

చూసుకుని సిగ్గుపడి ఆపారు. ‘పాట మనసులో మెదిలితే అదలా కొట్టుకుంటుందే. గాలి కొట్టే చెయ్యి కదా, దానికింకేం తెలుసు.’

‘ఏం తెలుసా? పాతికేళ్ళు కుడిచెయ్యి పక్కన కూర్చుందా లేదా? ఇటికలు మోసినవాడు కూడా అన్నేళ్ళకి మేస్త్రీ అవుతాడు. ఇది ఏమీ వినకుండా నిద్రపోయిందా?’

‘నీకు తెలీదులే. ఎడంచేత్తో ఎవడన్నా వాయిస్తాడా? అపచారం. అయినా వాయించినా, గాలెవడు కొడతాడు?’

‘కుడిచెయ్యి కొడుతుంది. తిత్తికి వేళ్ళెందుకండీ, అరచెయ్యి చాలదూ? ఇన్నాళ్ళూ రాజాలా వెలగబెట్టింది కదా, ఇప్పుడు చాకిరీ చెయ్యమనండి. ఎడమది సింహాసనం ఎక్కుతుంది.’

ఆయన అరచేతిని గాలిలో పెట్టి, లేని తిత్తిని కుడిచేత్తో కొట్టి చూసుకున్నారు. ఒకటి, రెండు, మూడు. మొహంలో నొప్పేమీ కనబడలేదు.

టీ గ్లాసుల పియానో దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ జనం లేరు. చలిగాలి గట్టిగా ఉంది. ఎడంచెయ్యి మెట్ల మీద పెట్టారు. పెట్టి, ‘ఛ’ అన్నారు. ‘బొటనవేలు ఉండాల్సిన చోట చిటికెనవేలుందే. అంతా తిరగబడింది’ అన్నారు. ‘కాపరం మాత్రం తిన్నగా ఉందా ఏంటి, కానివ్వండి’ అన్నాను. ఒక్కొక్క మెట్టే వెతుక్కుంటూ సరిగమలు నొక్కారు, కొత్తగా చేరిన పిల్లాడిలా. తప్పు పోతే తనని తానే తిట్టుకున్నారు. నాదం నిలవట్లేదని మొహం చిట్లిస్తే, నేను పక్కన నిలబడి ఆయన చూపించిన షడ్జమం మెట్టు పట్టుకున్నాను. అది చావబోయినప్పుడల్లా మళ్ళీ నొక్కడం నా పని. శృతి పెట్టె నేనన్నమాట. మిషను తొక్కిన వేళ్ళు, ఆ మాత్రం చెయ్యలేవా?

ప్రార్థన మొదటి పాదం దాకా ఎలాగో వచ్చారు. రెండో పాదం ఎత్తుకుంటుంటే ఫోను మోగింది. సత్యప్రసాద్. ఈయన ఎడంచెయ్యి మెట్ల మీదే ఉంచి, స్పీకరు పెట్టి పియానో మీద పెట్టారు.

‘ఆయ్ బాబాయ్! ప్రెస్సులోనే ఉన్నానండి. మీ పేరు పెద్దక్షరాల్లో వేయిస్తున్నాను.’

ఈయన గొంతు సవరించుకున్నారు. ‘ప్రసాదూ, ఒక మాట. హార్మనీ సంగతి...’

‘హార్మనీయా? అదేంటి బాబాయ్, హార్మనీ ఇప్పుడెవరు పెడుతున్నారండి? కాకినాడ నుంచి కీబోర్డు కుర్రాణ్ణి మాట్లాడేశాం. తబలా, వీణ, సన్నాయి అన్నీ అందులోనే వస్తాయి. మీకెందుకండి ఆ శ్రమ! కువైట్నుంచి వస్తున్నారు, మీరు ముఖ్య అతిథి. స్టేజీ మీద కుర్చీ వేస్తాం, శాలువా కప్పుతాం, మీరు ఊరికే కూర్చుంటే చాలు.’

అంటే ఆ రెండు వేళ్ళకోసం ఈయన గోడకేసి చూసిన రాత్రులూ, నా గుండెల్లో రాయీ, ఒంటె మొహం మీద దెబ్బలూ అన్నీ ఉత్తుత్తివే. ఈయన వాయిస్తారని మా ఊళ్ళో ఎవరూ అనుకోనే లేదు. హమ్మయ్య అనుకోవాలి కదండీ నేను? పరువు పోదు, కుర్చీ వస్తుంది, శాలువా కూడానూ. కానీ ఈయన మొహం చూశాను. డోరులో చెయ్యి పడ్డనాడు కూడా అలా అయ్యుండదు.

‘బాబాయ్? ఉన్నారాండి?’

ఈయన ఎడంచేతి వేళ్ళకేసి చూసుకున్నారు. ‘ఉన్నానురా. మార్చిలో మనూళ్ళో ఉక్కపోత కదా, శాలువా ఎందుకు? దాచి ఆ కీబోర్డు కుర్రాడికి కప్పు. నాటకమంతా వాణ్ణే వాయించుకోమను. ప్రార్థన మాత్రం నాది. అటక మీద నా పెట్టె దింపించి ఎండలో పెట్టు.’

‘అది కాదు బాబాయ్...’

‘రాసుకో. ప్రార్థనకి హార్మనీ, సూరిబాబు, ఎడంచెయ్యి.’

‘ఎడంచెయ్యేంటండి?’

‘కుడిచెయ్యి పోయిందిరా. వేళ్ళు వంగవు. మూడేళ్ళయింది. అందరికీ చెప్పు, దాచక్కర్లేదు. తప్పులొస్తాయి, అదీ చెప్పు.’

ఫోను ఆయనే ఆపేశారు. గొప్పలు తప్ప ఏమీ చెప్పడం రాని నోరండీ అది. ఆ నోటితోనే ఊరంతటికీ వినబడేలా అనేశారు.

‘ఈ పెట్టెలు ఎన్నాళ్ళుంచుతారే ఇక్కడ?’ అన్నారు.

‘ఫిబ్రవరి ఆఖరుదాకా అని బోర్డు మీద ఉందటండి.’

‘అయితే శుక్రవారం వంట పెందలాడే చేసెయ్యి. ఇటే వచ్చేద్దాం. షడ్జమం వదిలేశావేంటి, నొక్కు.’

నొక్కాను. ఎడంచెయ్యి మొదలుపెట్టింది. పడింది, లేచింది, పక్కమెట్టు తొక్కింది, నాలిక్కరుచుకుని వెనక్కొచ్చింది. కుడిచెయ్యి మోకాలి మీద గాలి కొడుతోంది. మొదటి పాదం, రెండో పాదం, ఎక్కడా ఆగిపోకుండా చివరి మెట్టుదాకా వచ్చేశారు. ఎంత వంకరగా వచ్చిందో మీకు చెప్పలేను. మా ఊరి కుక్కలు వింటే అరిచేవి. ఆయన చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. నావైపు చూడలేదు, నేను ఏదో ఒకటి అంటానని ఎదురుచూస్తూ తల దించుకున్నారు.

అన్నానండి. సాల్మియా ఒడ్డు మీద, గాలికి కొంగు బిగించి, నడిచేవాళ్ళందరూ తిరిగి చూసేలా గొంతెత్తి అరిచాను. ‘వన్స్ మోర్!’

ఆయన తలెత్తలేదు. ముక్కు ఎగబీల్చి, ముంజేత్తో కళ్ళు తుడుచుకుని, పాట మళ్ళీ మొదట్నుంచీ ఎత్తుకున్నారు.